ఇంట్లనే హాస్టల్ పెట్టకు చెల్లె

మిర్యాలగూడ నుంచి వచ్చి డాలస్ పక్కన దిగిన ఒక చెల్లె అడుగుతున్నది: "మా పెద్దోడు తొమ్మిదో తరగతిల చేరిండు. స్కూల్ నుంచి రాంగనే తలుపేసుకుంటడు. రాత్రి పన్నెండైనా లైటు ఆరదు. మాతోని కూసొమ్మంటే హోంవర్క్ ఉన్నదంటడు. పట్టుబడితే చదువు పాడైతదేమో, ఇడిచిపెడితే పిల్లగాడే దూరమైతడేమో. ఏం చెయ్యాలె అక్కా?"

చెల్లె, భయపడుతున్నవు గని, కొడుకు అంత చదువుతుండని ఒకదిక్కు మురుస్తున్నవు గూడ. కొత్తగ వచ్చినోళ్ళందరిదీ అదే తీరు. 2013ల వచ్చినప్పుడు నేనూ అట్లనే మురిసిన. ముందు నా సంగతి చెప్త, ఓపికతోని చదువు.

మాది మక్తల్ దిక్కు పల్లె. పాలమూరుల మా తరం పిల్లల్లో చానామందికి అమ్మానాయినలంటే ఊర్లె ఉండనోళ్ళు. నాయిన మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని బొంబాయి పనికి పోతే అమ్మ గూడ ఎంబడి పోయేది. మేము అవ్వ దగ్గర. దీపావళి ఎల్లినంక కురుమూర్తి జాతరకు వచ్చేటోళ్ళు, ఉద్దాల పండుగ చూసి, నాలుగు రోజులుండి మళ్ళ బస్సెక్కేటోళ్ళు. ప్రేమంటే దూరముండి కష్టపడుడే అని నా మనసుల అప్పుడే నాటుకున్నది. తర్వాత నన్ను ఇంటర్‌కు హాస్టల్‌ల ఏసిన్రు. తెల్లారి అయిదుకు స్టడీ అవర్, రాత్రి పదిదాక స్టడీ అవర్, నెలకోసారి ఇంటోళ్ళు వచ్చి చూసిపోవుడు. అట్ల చదివే ఇంత దూరం వచ్చిన. ఆ గర్వం ఇప్పటికీ ఉన్నది, దాచుకోను. కాని ఆ హాస్టల్‌ను తెచ్చి డాలస్‌ల మా ఇంట్ల పెట్టిన. అదే నా తప్పు.

మా బిడ్డ వచ్చుడుతోనే పదో తరగతిల చేరింది. ఇక్కడ తొమ్మిది నుంచి పన్నెండు దాక హైస్కూల్, ఆ మార్కులన్నీ కలిసి జీపీఏ, అంటే సగటు గ్రేడు, అయితది. టెక్సాస్‌ల 1997ల ఒక చట్టం చేసిన్రు: క్లాసుల మొదటి 10 శాతంల ఉన్న పిల్లలకు రాష్ట్ర యూనివర్సిటీలల్ల అడ్మిషన్ ఇయ్యాలె. యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ (యూటీ) ఆస్టిన్‌ల మాత్రం గీత ఇంకా పైన ఉంటది, 2026 నుంచి 5 శాతమే. హైస్కూల్‌లనే కాలేజీ స్థాయి పాఠాలు చెప్పే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అదే ఏపీ క్లాసులకు జీపీఏల బరువు ఎక్కువిస్తరు, అందుకే పిల్లలు వాటి ఎంబడి పడుతరు. మిగిలిన రూల్స్ మీ స్కూల్ వెబ్‌సైట్‌ల ఉంటయి, చూసుకో. నాకైతే ఈ లెక్క గుళ్ళె ఒకామె చెప్పిన రాత్రి నిద్ర పట్టలే. పదకొండో తరగతికి రాంగనే బిడ్డతోని అయిదు ఏపీలు తీసుకోబెట్టిన.

ఇంట్ల టీవీ బంద్. ఊరి నుంచి మా అమ్మ ఫోన్ చేసి మనుమరాలికి ఇయ్యమంటే "చదువుకుంటున్నది" అని నేనే మాట్లాడి పెట్టేసేదాన్ని. తినడానికి కిందికి దిగితే టైం పోతదని ప్లేటు మీదికే పట్టుకపోయి తలుపు దగ్గర పెట్టేదాన్ని. ఒకరోజు బిడ్డకు ఇష్టమని జొన్న రొట్టె, పుంటికూర చేసిన. పదకొండున్నరకు పోయి చూస్తే ప్లేటు పెట్టిన కాడనే ఉన్నది. రొట్టె అంచులు పైకి లేచి అట్టముక్క లెక్క అయింది. లోపల బిడ్డ కండ్లద్దాలు తీసి చున్నీ కొంగుతోని తుడుచుకుంటున్నది. అద్దాలు కాదు, కండ్లు. "ఏమైంది?" అంటే "ఏం లేదమ్మా, హిస్టరీ చాప్టర్ పెద్దగున్నది" అన్నది. సరే పాలన్న తాగు అని చెప్పి తలుపు దగ్గరికేసిన. ఆ తలుపు నేనే ఏసిన చెల్లె, పిల్ల ఏసుకోలే.

రెండు నెలలకు స్కూల్ కౌన్సెలర్ పిలిచింది. మా బిడ్డ లంచ్ టైంల రోజూ లైబ్రరీల ఒక్కతే కూసుంటున్నదట. డబ్బా ఖాళీగ వస్తుంటే తింటున్నదనుకున్న నాకు, పారబోస్తున్నదని అప్పుడు తెలిసింది. పొద్దున బస్సెక్కింది మొదలు సాయంత్రం దిగేదాక ఆ పిల్ల నోరు తెరిచేది టీచర్ అడిగితేనే. ఇంటికొస్తే మేము మాట్లాడనిస్తలేం. బొంబాయికి పోయిన మా అమ్మ కోసం నేను అవ్వ ఒళ్ళో పడుకొని ఏడ్చిన, నాకు అవ్వన్న ఉండె. నా బిడ్డకు తల్లి కింది గదిల ఉండి గూడ లేకుంటయింది.

అందుకే నీ కొడుకు హోంవర్క్ గురించి నాకు రంది లేదు. మన పిల్లలు చదువుతరు. వాడు ఒంటరిగున్నడా అనేదే నా రంది.

మేము చేసింది చెప్త. రాత్రి ఏడున్నరకు అందరం కింద కూసొని తినుడు. అరగంటే. పరీక్ష ఉన్నా, ఆయనకు ఆఫీస్ కాల్ ఉన్నా. మార్కుల మాట, కాలేజీ మాట తీయొద్దు. మొదటి పది రోజులు చెంచాల చప్పుడే, నాకు లేచి పోవాలనిపించింది. ఒకనాడు బిడ్డే "రొట్టె ఎట్ల తడుతవు" అని అడిగింది. పీట మీద పిండిముద్ద పెట్టి ఇచ్చిన. తట్టంగ తట్టంగ అంచు పగిలిపోతుంటే, తడి చేత్తో సర్దుకుంట, మా ఇద్దరి కండ్లూ పిండి మీద ఉన్నప్పుడు, లైబ్రరీ సంగతి తనే చెప్పింది. ఎదురుంగ కూసోబెట్టి అడిగితే ఈ వయసు పిల్లలు చెప్పరు. పక్కన ఉండి ఏదన్న పని చేస్తుంటే చెప్తరు. కార్ల గూడ అంతే, డ్రైవింగ్ నాకు ఇష్టం లేకున్నా ట్యూషన్‌కు నేనే దింపుడు మొదలుపెట్టిన.

ఆదివారం పొద్దున ఎనిమిదికి ఊరికి ఫోన్. ఎండకాలం అక్కడ సాయంత్రం ఆరున్నర, చలికాలం ఏడున్నర. నువ్వు మధ్యల దూరకు, అవ్వనూ మనుమణ్నీ వాళ్ళిద్దర్నే మాట్లాడుకోనియ్యి.

పన్నెండో తరగతిల ఏపీలు మూడుకు తగ్గించినం. ఆస్టిన్ రాలే. యూటీ డాలస్‌ల చదివింది, ఇప్పుడు మంచి ఉద్యోగం, రోజూ ఫోన్ చేస్తది. నిద్ర సంగతి గూడ చూడు, ఈ వయసుకు ఎనిమిది నుంచి పది గంటలు కావాలె. మే మొదటి రెండు వారాలు ఏపీ పరీక్షలు, అప్పుడు వానితోని ఏ పంచాయితీ పెట్టుకోకు. పిల్లగాడు మరీ ముడుచుకపోతే కౌన్సెలర్‌ను కలువు, పైసలు కట్టేదుండదు. రాత్రిపూట వాడు ప్రాణం తీసుకుంటడేమో అని భయమైతే 988కి, అంటే అసుంటి కష్టంల సాయం చేసే లైనుకు, ఫోన్ చెయ్యి.

ఇంకొకటి, కోపం తెచ్చుకోకు. వీసా వల్ల నీకు పని లేదు, కారు లేదు, పొద్దంతా ఒక్కదానివే ఉంటవు. సాయంత్రం వాడు రాంగనే ఆ ఒంటరితనమంతా వాని మీద పెడుతున్నవేమో చూసుకో. నేను పెట్టిన. ముందు వాణ్ని తిననియ్యి, కాసేపు పండుకోనియ్యి. నీ ముచ్చటకు పక్కింటి ఆమెతోని దోస్తీ చెయ్యి, నడకకు పో.

ఈ రాత్రి మాత్రం మార్కులు అడగకు. "మధ్యాహ్నం ఎవరి పక్కన కూసొని తిన్నవు బిడ్డా" అని అడుగు. పేరు చెప్తే భయం లేదు. "ఎవరో" అన్నడంటే నాకు మళ్ళ రాయి.