అక్రాలో హొమోవో పండగకి బయటివాళ్లు వెళ్లొచ్చా?

ఆగస్టులో ఆఫీసు పనిమీద ఘనా వెళ్తున్నానని, హొమోవోకి టికెట్ ఉంటుందా, మనల్ని రానిస్తారా అని అడిగారు. టికెట్ గికెట్ ఏమీ ఉండదండీ. నేను అక్రాలో మూడేళ్లు ఉద్యోగం చేశాను. మొదటి ఏడాది వీధిలో నిలబడి చూసి వచ్చేశాను. రెండో ఏడాది ఒక సహోద్యోగి వాళ్లింటికి తీసుకెళ్లాక గానీ, అసలు పండగ ఇళ్లలో ఉందని తెలియలేదు. ఇది అక్రా ప్రాంతపు 'గా' (Ga) అనే జాతివాళ్ల పండగ. అందుకే ముందు ఆఫీసులో ఆ జాతివాళ్లు ఎవరున్నారో కనుక్కోండి.

వాళ్ల పూర్వీకులు పెద్ద కరువు చూశారట. తర్వాత పంట విరగపండితే ఆకలిని వెక్కిరించారు. హొమో అంటే ఆకలి, వో అంటే గేలి చేయడం. పండగకి ముందు నెల రోజుల పాటు డప్పులు, మైకులు నిషేధం, చర్చిలకీ మసీదులకీ కూడా. నాకీ సంగతి తెలియక ఒక రాత్రి డాబా మీద స్పీకర్ పెట్టాను. పక్కింటి పెద్దావిడ వచ్చి బాగా చీవాట్లు పెట్టింది.

తేదీ మాత్రం అక్కడే అడగండి. అక్రాలో జేమ్స్ టౌన్ అనే పేట వైపు ఒక రోజైతే ఓసు, లా, టెషీ పేటల్లో వేరే రోజుల్లో చేస్తారు. ఆ రోజు పెద్దలు వీధుల్లో క్పోక్పోయి అనే వంటకం చల్లుకుంటూ వెళ్తారు, పితృదేవతలకన్నమాట. మొక్కజొన్న పిండిని ఆవిరి మీద ఉడికించి, పామాయిలూ బెండకాయా కలిపి చేస్తారు. దాన్ని పామ్ కాయల పులుసుతో తింటారు. పులుసులో చేప ఉంటుంది, శాకాహారులైతే ముందే చెప్పేయండి.

ఇంటికి పిలిస్తే చేతులూపుకుంటూ వెళ్లకండి, ఏదైనా డ్రింక్ బాటిల్ పట్టుకెళ్లండి. అందరూ ఒకే గిన్నెలోంచి తింటారు. నేను కుడిచేత్తో ఫోన్ పట్టుకుని ఫొటో తీస్తూ, ఎడమచెయ్యి గిన్నెలో పెట్టబోయాను. టక్కున అందరూ ఆగిపోయారు. మనింట్లో అయితే అమ్మ చేతి మీద ఒక్కటిచ్చేది! సిగ్గుతో చచ్చిపోయాను. వాళ్లు మాత్రం నవ్వేసి, నా ఫోన్ తీసి అవతల పెట్టారు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లాను. ఆ ఏడాది పోయినవాళ్లని తలుచుకుని ఇంటిల్లిపాదీ ఏడుస్తున్నారు. ఏం చేయాలో తోచక గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. ఆ ఇంటి పెద్దావిడే కళ్లు తుడుచుకుని వచ్చి, నా చెయ్యి పట్టుకుని "నోవాలా" అంది. ఆయుష్షు తీసుకో అని.