గుమ్మం బయట విప్పిన చెప్పులు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

పోలీసుల మీద జనాభిప్రాయం గురించి నువ్వు రాసిన పుస్తకం రాతప్రతి అందింది. నిన్న పొద్దున కాఫీతో మొదలుపెట్టి రాత్రి పదకొండుకి పూర్తి చేశాను. మధ్యలో రెండుసార్లు కోపం వచ్చి పక్కన పడేశాను. ఒకసారి మాత్రం కళ్లజోడు తీసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. నీ భాష శుభ్రంగా ఉంది, బాగా కష్టపడి చదివావు. ఆ మాట ఒక్కసారి చెప్పాను కాబట్టి ఇక మళ్లీ చెప్పను.

ముందు కోపం సంగతి. 17వ పేజీలో ‘ప్రజలు పోలీసులను నమ్మరు’ అన్నావు. 23వ పేజీలో ‘ప్రజల్లో పోలీసుల పట్ల గౌరవం పెరుగుతోంది’ అన్నావు. 58కి వచ్చేసరికి ‘ప్రజలు భయపడుతున్నారు’. ఎవరమ్మా ఈ ప్రజలు? నేనెప్పుడూ వాళ్లను కలవలేదు. పాస్‌పోర్ట్ వెరిఫికేషన్ కోసం ఇంటికొచ్చిన కానిస్టేబుల్‌కి టీ ఇచ్చిన గృహస్థు తెలుసు. కొడుకుని ఎందుకు తీసుకెళ్లారో చెప్పేవాడు లేక స్టేషన్ ఎదురుగా చెట్టు కింద తెల్లారేదాకా కూర్చున్న తల్లి తెలుసు. వీళ్లిద్దరినీ కలిపి ఒక మాటగా చేస్తే ఇద్దరూ మాయమైపోతారు. నీ పుస్తకం మొత్తంలో ‘ప్రజలు’ అనే మాట ఎక్కడుంటే అక్కడ పెన్సిల్‌తో కొట్టేయి. కొట్టేశాక వాక్యం నిలబడకపోతే, ఆ వాక్యం రాయడానికి నీ దగ్గర ఇంకా ఏమీ లేదని అర్థం.

ఇప్పుడు 41వ పేజీ. మీ అమ్మగారి మెడలో గొలుసు తెంచుకుపోయిన రోజు మీరిద్దరూ స్టేషన్‌కి వెళ్లారు. అమ్మ గుమ్మం దగ్గర ఆగి చెప్పులు విప్పింది. ఎవరూ విప్పమనలేదు. లోపల అందరూ బూట్లతోనే తిరుగుతున్నారు. అంతే, నాలుగు లైన్లు. ఐదో లైన్లో పట్టిక మొదలైంది!

నేను కళ్లజోడు తీసింది అక్కడే. గుళ్లో చెప్పులు విప్పుతాం. పెద్దల ఇంట్లో విప్పుతాం. ఒకప్పుడు తెలంగాణ పల్లెల్లో దొర గడీ ముందు నుంచి నడవాలన్నా విప్పి చేత పట్టుకునేవాళ్లు. మీ అమ్మ విప్పింది వీటిలో ఏ కారణంతో? భక్తా, భయమా, అలవాటా? సర్వే కాగితంలో దానికి ఏ గడిలో టిక్ పెడతావు? పోలీసుల మీద జనాభిప్రాయం అని నువ్వు వంద పేజీల పైన వెతికిందంతా ఆ గుమ్మం దగ్గరే ఉంది. చూసి కూడా దాటిపోయావు.

ఆ చెప్పులు ఎప్పటివో తెలుసా? 1854లో మద్రాసు ప్రభుత్వం చిత్రహింసల మీద ఒక విచారణ సంఘం వేసింది, 1855లో అది నివేదిక ఇచ్చింది. మన కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనివే. శిస్తు వసూలు చేసే చెయ్యీ, దొంగల్ని పట్టే చెయ్యీ ఒకటే అయిన కాలం. రెండు చెక్కల మధ్య వేళ్లు పెట్టి నొక్కే పరికరానికి తెలుగులో ఏమంటారో కూడా ఆ నివేదికలో రాసిపెట్టారు. పేరు పెట్టుకునేంత మామూలు వస్తువన్నమాట. తర్వాత 1861 పోలీసు చట్టం వచ్చింది. 1902-03లో ఆంగ్లేయులే వేసిన పోలీసు కమిషన్, ఈ బలగాన్ని అవినీతిదిగా, పీడించేదిగా జనం భావిస్తున్నారనీ, జనం నమ్మకం సంపాదించడంలో ఇది పూర్తిగా విఫలమైందనీ ఒప్పుకుంది. ఇదంతా నువ్వు ఒక ఫుట్‌నోట్‌లో పెట్టావు. ఫుట్‌నోట్ కాదమ్మా ఇది, మీ అమ్మ చెప్పుల కింది నేల.

నా మాట ఒకటే. అభిప్రాయం అనేది మనిషి జేబులో పెట్టుకు తిరిగే వస్తువు కాదు. ఎవరు అడిగారు, ఎక్కడ నిలబడి అడిగారు, అప్పుడు ఆ మనిషి ఏ స్థితిలో ఉన్నాడు, వీటిని బట్టి అది తయారవుతుంది. పరిశోధన గురించి రాసేటప్పుడు ముందు అడిగిన తీరు చెప్పు, ఆ తర్వాతే అంకె. నలభై ఏళ్లుగా ఈ మాటే చెబుతున్నాను, పోయేదాకా చెబుతాను.

దీన్ని నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు. 1981లో నా సైకిల్ పోయింది. ట్యూషన్లు చెప్పి కొనుక్కున్న సైకిల్. స్టేషన్‌కి వెళ్తే, ఫిర్యాదులు రాసుకునే రైటర్ తల ఎత్తకుండా ‘బిల్లుందా?’ అన్నాడు. లేదన్నాను. ‘రేపు రా.’ మర్నాడు బిల్లు వెతికి పట్టుకెళ్తే ‘ఎస్సైగారు లేరు.’ మూడో రోజు బల్ల మీద కూర్చోబోతే సెంట్రీ లేవమన్నాడు. నాలుగో రోజు వెళ్లలేదు. నాలుగేళ్ల తర్వాత ఒక పత్రికకు విలేకరిగా అదే స్టేషన్‌కి వెళ్లాను. అదే గది, అదే రైటర్. కుర్చీ లాగి వేశాడు, టీ తెప్పించాడు, ‘ఏం సార్, ఎండ బాగా ఉందా’ అన్నాడు. ఆ సాయంత్రం ఎవరైనా వచ్చి పోలీసులెలాంటి వాళ్లని అడిగి ఉంటే నేనేం చెప్పేవాణ్నో ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. మనిషిని నేనే. కుర్చీ మారింది.

అది రాసి ఒక వారపత్రికకు పంపాను. సంపాదకుడు పిలిపించి, ‘ఇందులో లాఠీ లేదు, లాకప్ లేదు, రక్తం లేదు, పాఠకుడికి కోపం ఎలా వస్తుంది?’ అన్నాడు. బల్ల సంగతి మొత్తం కొట్టేసి, చివర ఒక నినాదం తగిలించి వేశాడు. ఆ కటింగ్ ఇంట్లో ఉంచుకోలేదు. ఇప్పటి తీరు ఇంకోరకం. పోలీసంటే స్లో మోషన్‌లో నడిచొచ్చే హీరో, లేకపోతే పరమ దుర్మార్గుడు. ఈ రెండింటి మధ్య ఉన్న రైటర్ టేబుల్ ఎవరికీ అక్కర్లేదు. నీకూ ఆ గాలి సోకింది. 70 నుంచి 76 వరకు పేజీలు చదువు, తెలుస్తుంది.

రాజస్థాన్ ప్రయోగాన్ని నువ్వు రెండు లైన్లలో తేల్చేయడం నాకు మింగుడుపడలేదు. ఎంత గొప్ప కథ అది! ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వాళ్లతోపాటు అక్కడి ఐపీఎస్ అధికారి నీనా సింగ్ మొదలైనవాళ్లు 11 జిల్లాల్లో 162 పోలీస్ స్టేషన్లను తీసుకున్నారు. కొన్నిచోట్ల బదిలీలు ఆపారు, కొన్నిచోట్ల వారానికో సెలవు అన్నారు, కొన్నిచోట్ల స్థానికులను పరిశీలకులుగా స్టేషన్‌లో కూర్చోబెట్టారు, కొన్నిచోట్ల శిక్షణ ఇచ్చారు. వీటన్నిటికీ తోడు ఇంకో పని చేశారు. మామూలు మనుషుల్లా తమ వాళ్లనే కల్పిత ఫిర్యాదులతో స్టేషన్లకు పంపారు. కేసు రాసుకుంటారా, వెళ్లగొడతారా? నిజంగా నమోదు చేయబోయే క్షణంలో తామెవరో చెప్పేవాళ్లు. ఆ ఒక్క క్షణాన్ని ఊహించు. పెన్ను ఎత్తిన రైటర్ ముఖం ఎలా మారి ఉంటుంది? ఇలా మనుషులు వస్తున్నారని తెలిశాక కేసులు రాసుకోవడం మెరుగైంది. శిక్షణ కూడా పనిచేసింది, బాధితుల సంతృప్తి పెరిగింది. బదిలీలు ఆపడం, వారం సెలవు, పరిశీలకులు, ఇవి మాత్రం కాగితం మీదే మిగిలాయి, కింద సరిగా అమలు కాలేదు. నువ్వు ‘సంస్కరణలు మిశ్రమ ఫలితాలనిచ్చాయి’ అని రాశావు. ఈ వాక్యం రాయడానికి రాజస్థాన్ దాకా వెళ్లాలా?

ఆ వారం సెలవు ఎందుకు అమలు కాలేదో నీ దగ్గరే జవాబుంది, 90వ పేజీలో. కామన్ కాజ్ అనే స్వచ్ఛంద సంస్థ, సర్వేలు చేసే సీఎస్‌డీఎస్ లోక్‌నీతి కలిసి 2019లో పోలీసుల మీద ఇచ్చిన నివేదిక. 21 రాష్ట్రాల్లో 11,834 మంది పోలీసులను అడిగితే, రోజుకు సగటున 14 గంటల పని అని తేలింది. నువ్వు ఆ 14ని పట్టికలో పెట్టి వదిలేశావు. నేను దాన్ని కళ్లారా చూశాను. ఒక పుష్కరాల బందోబస్తులో, ఘాట్ మెట్ల మీద కూర్చున్న హెడ్ కానిస్టేబుల్‌ని ‘కాసేపు బూట్లు విప్పి కాళ్లు నీళ్లలో పెట్టకూడదా?’ అన్నాను. ‘విప్పితే మళ్లీ ఎక్కవు సార్, వాచిపోయాయి’ అన్నాడు. పొద్దుటి నుంచి తిండి లేదు. అరగంట తర్వాత దారి అడిగిన ఒక ముసలావిడ మీద అరిచాడు. అదీ చూశాను. ఆవిడ ఊరికెళ్లి పోలీసుల గురించి ఏం చెప్పి ఉంటుందో నాకు తెలుసు. అమెరికాలో వెస్లీ స్కోగన్ అనే పరిశోధకుడు 2006లో లెక్కగట్టింది ఇదే. పోలీసులతో ఒక చెడ్డ అనుభవం, ఒక మంచి అనుభవం కంటే నాలుగు నుంచి పద్నాలుగు రెట్లు ఎక్కువ బరువు తూగుతుంది. ఆ హెడ్ కానిస్టేబుల్ ఆ రోజంతా ఎంతమందిని చెయ్యి పట్టి మెట్లు దించాడో ఎవరూ చెప్పుకోరు.

రెండో కోపం 63వ పేజీ మీద. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయాక, వంతెన మీద నుంచి పోలీసులపై పూలు చల్లారు. దాన్ని నువ్వు ‘పెరిగిన ప్రతిష్ఠ’ అనే శీర్షిక కింద పెట్టావు. ఆ కాల్పుల మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది; చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారనీ, పది మంది పోలీసులపై విచారణ జరగాలనీ చెప్పింది. అది నీ పేజీలో లేదు. ఎందుకు లేదు? పూలు చల్లిన వాళ్లలో ఎంతమంది తమ ఇంట్లో దొంగతనం జరిగితే తెలిసినవాళ్ల సిఫారసు లేకుండా స్టేషన్ మెట్లెక్కుతారు? కామన్ కాజ్, లోక్‌నీతి వాళ్లే ఇచ్చిన 2018 నివేదికలో పోలీసులను గట్టిగా నమ్ముతామన్నవాళ్లు నలుగురిలో ఒకరికంటే తక్కువ. నమ్మకం లేనిచోటే పూలు పడ్డాయి. కోర్టు మీద ఆశ పోయిన చోట, ఏళ్ల తరబడి వాయిదాలు చూసి విసిగిన చోట ఆ పూలు పుట్టాయి. చిన్న నేరాలకు కోర్టు దాకా ఎందుకు, పోలీసులే కాస్త శిక్షించి వదిలేస్తే మేలని 2019 నివేదికలో 37 శాతం పోలీసులు అన్నారు. వంతెన పైనున్నవాళ్లకూ కిందున్నవాళ్లకూ ఆ విషయంలో తేడా ఎంత? ఈ ప్రశ్న నీ పుస్తకంలో ఉండాలి. రాస్తే తిట్లు పడతాయి. పడనీ.

షీ టీమ్స్ మీద, అంటే ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకునే పోలీసు బృందాల మీద, నీ అధ్యాయంలో ఒక తప్పుంది, సరిచెయ్యి. హైదరాబాద్‌లో 350 చోట్ల జరిగిన ఆ అధ్యయనం ‘వేధింపులు తగ్గాయి’ అని ఊరికే చెప్పలేదు. మొత్తం వేధింపులు తగ్గలేదు. యూనిఫాంలో కనిపించేలా తిరిగిన చోట తీవ్రమైన వేధింపులు 27 శాతం తగ్గాయి. మఫ్టీలో తిరిగిన చోట ఆ ఫలితం రాలేదు. నువ్వు ఒక్క విశేషణం వదిలేసినందుకు అర్థం తలకిందులైంది.

ఇక చేయాల్సిన పని. అమ్మ దగ్గర కూర్చో. ఆ రోజు లోపలికి వెళ్లాక ఎంతసేపు నిలబడింది, ఎవరు ముందు మాట్లాడారు, ‘అమ్మా’ అన్నారా ‘ఏమ్మా’ అన్నారా, నువ్వు పక్కన లేకపోతే వెళ్లేదా, ఇవన్నీ అడుగు. తర్వాత ఎఫ్ఐఆర్ కాపీ తెప్పించు. ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు దాన్ని ఉచితంగా ఇవ్వాలని చట్టమే చెబుతోంది. కోర్టు అనుమతి లేకుండానే పోలీసులు దర్యాప్తు చేయగల నేరం (కాగ్నిజబుల్) జరిగిందని చెబితే కేసు నమోదు చేసి తీరాలని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు 2013లోనే తేల్చింది. అసలు కేసు రాశారో లేదో, పిటిషన్ తీసుకుని పంపించేశారో కూడా నీ పేజీలో లేదు! కాపీ దొరికితే అమ్మ చెప్పిన మాటలు ఒకవైపు, రైటర్ రాసిన మాటలు ఒకవైపు పెట్టుకుని చదువు. ‘వెనక నుంచి లాగాడు, బోర్లా పడ్డాను, మోకాలు చీరుకుపోయింది’ అని ఆవిడ అని ఉంటుంది. ఆ మోకాలు కాగితంలో ఉందా? లేకపోతే ఎక్కడ జారిపోయింది? వీలైతే ఆ రైటర్‌ని కూడా కలువు. అతను ఆ రోజు ఎన్నింటికి డ్యూటీ ఎక్కాడో అడుగు. ప్రశ్నించడానికి కాదు, తెలుసుకోవడానికి వెళ్లు.

పబ్లిషర్ సంగతి, ముందుమాట ఎవరితో రాయించాలన్న సంగతి ఇప్పుడు మాట్లాడను.

41వ పేజీ మళ్లీ రాసి పంపు. నాలుగు లైన్లు కాదు, కనీసం పన్నెండు పేజీలు. పట్టిక వద్దు. కాగితానికి ఒకవైపే ప్రింట్ తీయించు, అక్షరాలు కాస్త పెద్దవి పెట్టించు. అమ్మ మోకాలు ఎలా ఉందో కూడా రాయి.

నీ శ్రేయోభిలాషి