గేటు ముందు ఆయన ట్యాంకరు, మా సంపులో ఆయన నీళ్ళు

మీ ప్రశ్న చదవగానే మా వీధి గుర్తొచ్చింది. మీ పక్కింటాయనకు ట్రావెల్స్ ఉంది. నాలుగు ఎల్లో బోర్డు కార్లు, ఒక టెంపో ట్రావెలర్ రాత్రిళ్ళు వీధిలోనే ఉంటాయి. పొద్దున మీ కారు తీయాలంటే ముందు ఆయన డ్రైవర్‌ని నిద్ర లేపాలి. గట్టిగా అడిగితే "రోడ్డు గవర్నమెంటుది సార్" అంటున్నాడు. పోలీసులకు కంప్లయింట్ ఇస్తే పనవుతుందా, లేక పక్కింటితో వైరం ఒక్కటే మిగులుతుందా అని అడిగారు.

మాకు కార్లు కాదు, నీళ్ళ ట్యాంకర్లు. మూడు. మాది ఒంగోలు, బెంగళూరు వచ్చి పదకొండేళ్ళు, ఉండేది వర్తూరు వైపు. 2007లో సిటీలో కలిపిన 110 ఊళ్ళలో ఇదీ ఒకటి. ఆ ఊళ్ళకు కావేరి నీళ్ళిచ్చే ఐదో దశ మొదలైంది 2024 అక్టోబరులో. అప్పటిదాకా బోరు, బోరు ఎండితే ట్యాంకరు. ఆ ట్యాంకరు మా పక్కింటాయనదే. గేటుకు అడ్డం నిలబడ్డది ఆయన బండే, సంపులో పడేది ఆయన నీళ్ళే. ఆ లెక్కన మీరు నాకన్నా నయం. ఆయన కారెక్కకపోయినా మీకు గడుస్తుంది.

ఆయన ఈ ఊరి పాత కాపురస్తుడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, కాకపోతే ఈ వైపు తెలుగు. మొదటిసారి నేను కన్నడలో తంటాలు పడుతుంటే నవ్వి, "తెలుగులోనే చెప్పు సార్, మాకూ అదే" అన్నాడు. చెప్పాను. "బండి యాడ పెట్టుకోవల్ల మరి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నాకు కోపం ఉంది కానీ జవాబు లేదని ఆ రోజు తెలియలేదు. ఏడాదిన్నర పట్టింది.

ఆ ఏడాదిన్నరలో నేను చేసిన పనులు వరసగా చెప్తాను, మీరు చేయకుండా ఉండటానికి. మొదట గేటుకు అటూ ఇటూ రోడ్డు మీద రెండు పెద్ద పూలకుండీలు పెట్టి, "నో పార్కింగ్" బోర్డు తగిలించాను. బీట్‌కొచ్చిన కానిస్టేబుల్ బోర్డు చూసి, "ఇది మీరు రాయించుకున్నది, మేం పెట్టింది కాదు కదా" అన్నాడు. కుండీలు తీయించాడు. న్యాయమే. ఇంటి ముందు రోడ్డు మనది కాదు, దాన్ని కుండీలతో ఆక్రమించుకున్నది నేనే. తర్వాత ఫొటో తీసి, ట్రాఫిక్ పోలీసులకు ఫిర్యాదులు పంపే అప్పటి పబ్లిక్ ఐ యాప్‌లో పెట్టాను. చలానా పడింది. కట్టింది ఓనర్ కాదు, డ్రైవర్ కుర్రాడు. వాడి జీతంలో కోసుకున్నారని తర్వాత తెలిసింది. ఇప్పటికీ ఆ కుర్రాడు ఎదురైతే నాకు మొహం చెల్లదు.

ఆ పైన 2024 మార్చి వచ్చింది. ఆ ఎండాకాలం నీళ్ళ కరువు గురించి బెంగళూరులో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. జిల్లా యంత్రాంగం ట్యాంకర్ల రేట్లు ఖరారు చేసింది: ఆరు వేల లీటర్లకు 5 కిలోమీటర్ల లోపు 600 రూపాయలు, 10 లోపు 750. రేటు కాగితం మీద ఉంది, బండి కావాలి కదా. మా బిల్డింగు అంతకుముందు ఆయన లిస్టులో పైన ఉండేది. చలానా తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా "లోడ్ లేదు సార్, సాయంత్రం చూద్దాం." ఆ సాయంత్రం రాత్రి పదకొండింటికి వచ్చేది. కక్షా, నిజంగా లోడ్ లేదా? నేను నిరూపించలేను. మా పై ఇంటివాళ్ళు మాత్రం వారం రోజులు నన్నే చూశారు.

ఇక కొలత. వీధి కాగితం మీద ముప్ఫై అడుగులు. ఒక ఆదివారం పొద్దున్నే టేపు పట్టుకుని దిగాను. మా ఆవిడ మేడ మీద నుంచి చూసి తల పట్టుకుంది. రెండు వైపులా మోరీలు, గేట్ల ర్యాంపులు పోగా మిగిలింది ఇరవై రెండున్నర. ట్యాంకరు ఏడున్నర. ఎదురు వరసలో ఆగే కారు ఆరు. నడవడానికి తొమ్మిది అడుగులు. అది కూడా డ్రైవర్ ఓపిగ్గా పెడితే. మలుపు దగ్గర పెట్టిన రోజున స్కూల్ వ్యాను లోపలికి తిరగదు. మా పాపను మెయిన్ రోడ్డు దాకా నేనే నడిపించుకెళ్ళేవాణ్ణి.

కొలిచినప్పుడే ఇంకోటి కనపడింది. మా గేటు పక్క మోరీ మీది రాతిబండ మధ్యలో గీత పడి, ఒక ముక్క లోపలికి కుంగింది. ఆరు వేల లీటర్లంటే నీళ్ళే ఆరు టన్నులు, బండి బరువు వేరే. ఖాళీ ట్యాంకరు నిలబడితే ఏమీ కాదు. ఈయన రాత్రి నింపుకొచ్చి, పొద్దున మొదటి ట్రిప్పు కోసం నిండుగానే నిలిపేవాడు. వెనక వాల్వు నుంచి బొట్లు బొట్లుగా కారి ఆ బండ మీద పాచి పట్టింది. అక్కడ జారి పడింది పేపరబ్బాయి.

అసలు రాత్రి నింపడమెందుకు, ఇంటి ముందే పెట్టడమెందుకు? ఇది నేను అడగలేదు. అడిగింది ఒంగోలు నుంచి వచ్చి రెండు నెలలున్న మా అమ్మ. ఆయన తల్లి సాయంత్రాలు గేటు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఇద్దరూ కలిశాక వీధి సంగతులన్నీ మా ఇంటికొచ్చాయి. "మెయిన్ రోడ్డు మీద పెట్టినాము తల్లీ. రెండు బ్యాటరీలు కోసుకపోయిరి, డీజిలు తీసుకపోయిరి. అప్పట్నుంచి నా కొడుకు కంటి ముందర లేకుంటే నిద్రపోడు" అందట ఆ అవ్వ. పగలు బోరు దగ్గర క్యూ ఉంటుంది, రాత్రి ఉండదు, అందుకే రాత్రి నింపడం.

నా దృష్టిలో అప్పటిదాకా అది పొగరు. దొంగతనం భయం అని తెలిశాక అడగాల్సిందే మారిపోయింది. "బండి తీసెయ్" అంటే ఎవడూ తీయడు. వెలుతురూ కెమెరా ఉన్న చోటు చూపిస్తే తీస్తాడు.

మా వీధి చివర ఒక ఖాళీ సైటు ఉంది, నలభై అడుగులకు అరవై. ఓనర్ హైదరాబాదులో ఉంటాడు. ఏళ్ళుగా అది చెత్తకుండీ. ముగ్గురం కలిసి ఆయనకు ఫోన్ చేస్తే ముందు ససేమిరా అన్నాడు. బళ్ళు పెట్టనిస్తే రేపు సైటు కబ్జా చేస్తారని భయం. బెంగళూరులో సైటున్న ఏ ఓనరుకైనా ఉండే భయమే, తప్పు పట్టలేం. చివరికి పదకొండు నెలల అగ్రిమెంటుకు ఒప్పుకున్నాడు. పార్కింగుకు మాత్రమే, షెడ్డు గానీ గోడ గానీ కట్టకూడదు, నెలకు మూడు వేలు అని రాయించాడు. అద్దె ట్యాంకరాయన కడతాడు. దీపం, కెమెరా ఖర్చు నాలుగిళ్ళవాళ్ళం పంచుకున్నాం. "ఆయన వ్యాపారానికి మనమెందుకు ఖర్చు పెట్టాలి?" అని ఎదురింటి అంకుల్ ఇప్పటికీ అంటారు. సూత్రంగా ఆయన మాట కరెక్టే. నేను నా వాటా ఇచ్చి నిద్రపోతున్నాను.

సైటు ఖాయమయ్యాక ట్యాంకరాయన్ని అడిగినవి మూడే. మా గేటుకు అటూ ఇటూ నాలుగేసి అడుగులు వదలాలి. మలుపు దగ్గర పెట్టకూడదు. నిండు బండి మోరీ పక్కన రాత్రంతా ఉండకూడదు. మొత్తం వీధి ఖాళీ చేయమని అడగలేదు. ఆయన లోపలికెళ్ళి పెయింట్ డబ్బా తెచ్చాడు, ట్యాంకరు మీద కన్నడలో "కుడియువ నీరు", అంటే తాగే నీళ్ళు, అని రాసే తెల్ల పెయింటు. గేటుకు రెండు వైపులా తనే గీతలు గీశాడు. ఆ గీతకు చట్టంలో విలువేమీ లేదు. కానీ ఆయన చేత్తో గీసింది కాబట్టి ఆయన డ్రైవర్లు దాన్ని దాటరు.

ఇప్పుడు రెండు బళ్ళు సైటులో ఉంటాయి. మూడోది వీధిలోనే, గీత అవతల. ఎండాకాలంలో ఒక్కోసారి గీత మీదికి వస్తుంది. ఫోన్ చేస్తే పది నిమిషాల్లో కదులుతుంది.

మీ సంగతికొస్తే, ముందు మీ బాధను రెండుగా విడగొట్టండి. గేటుకు అడ్డం పెట్టడం ఒకటి, వీధిలో అన్ని బళ్ళుండటం ఇంకోటి. మొదటిదాంట్లో చట్టం పూర్తిగా మీ వైపు ఉంది. ఒక ఇంటి దారికి అడ్డంగా బండి పెట్టకూడదని పార్కింగ్ నిబంధనల్లోనే ఉంది. మలుపు దగ్గర, ఫుట్‌పాత్ మీద, ఆగి ఉన్న బండి పక్కన ఇంకో వరస పెట్టడం కూడా తప్పే. నలుగురు వెళ్ళే దారికి అడ్డం కలిగిస్తే భారతీయ న్యాయ సంహిత 285 సెక్షన్ కింద 5,000 దాకా జరిమానా వేయొచ్చు, పాత ఐపీసీలో అది 200 ఉండేది. ఇప్పటికిప్పుడు కారు బయటికి రాక ఇరుక్కుంటే 112. నెమ్మదిగా ఫిర్యాదు చేయాలంటే ట్రాఫిక్ పోలీసుల అస్త్రం యాప్.

రెండోదాంట్లో మాత్రం చట్టం అంత బలంగా లేదు. ఎల్లో బోర్డు బండి ఇళ్ళ మధ్య ఆగిందన్నంత మాత్రాన నేరం కాదు. పది గంటలు దాటి అడ్డంగా వదిలేసిన బండిని మోటారు వాహనాల చట్టం 127 కింద తీయించవచ్చు కానీ, మీ పక్కింటాయన కార్లు రోజూ తిరిగేవి, దానికి చిక్కవు. ఇళ్ళ ముందు పార్కింగుకు పర్మిట్లు పెడతామని 2021లో వచ్చిన పార్కింగ్ పాలసీలో ఉంది, మా వీధి దాకా అయితే రాలేదు. ఇంట్లోనే ఆఫీసు పెట్టి, వీధిలో బళ్ళు కడిగి, డ్రైవర్లను పడుకోబెడుతుంటే అది కార్పొరేషన్ చూడాల్సిన విషయం. 2025 సెప్టెంబరు నుంచి ఊరంతటికీ ఒక్కటిగా ఉన్న పాత కార్పొరేషన్ బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లు అయ్యాయి. మీ వార్డు ఎందులో పడిందో చూసుకుని అక్కడ ఇవ్వండి, లేదంటే కాగితం ఊరంతా తిరుగుతుంది.

ట్రావెల్స్ కాబట్టి తెల్లవారుజామున మూడింటికి ఎయిర్‌పోర్ట్ పికప్‌లు ఉంటాయి, హారన్ ఉంటుంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఇళ్ళ మధ్య అత్యవసరమైతే తప్ప హారన్ కొట్టకూడదు, అది శబ్ద కాలుష్య నియమం. ఇది కంప్లయింట్ కన్నా మాటల్లో వాడుకోండి. రాత్రి బయల్దేరే బండి బయటి వైపు, పగలు కదిలేది లోపల పెడితే సగం తలనొప్పి అక్కడే తగ్గుతుంది. పొద్దున మీ గేటు ముందుండే బండి తాళం ఇంట్లోనే ఉంచి వెళ్ళమనండి. డ్రైవర్ నంబరు అద్దం మీద రాయించండి. ఇవేవీ ఆయనకు పైసా ఖర్చు లేనివి.

టైర్లో గాలి తీయడం, అద్దం మీద గీయడం లాంటి ఆలోచన వస్తే మానుకోండి. నాకూ వచ్చింది, అబద్ధమెందుకు. తప్పు ఆయన మీద నుంచి మీ మీదికి వస్తుంది, పైగా ఆస్తి నష్టం కేసు.

మాట్లాడినా వినకపోతే రెండు వారాలు ఫొటోలు తీయండి, టైమూ నంబరూ పడేలా. ఒక్కరే వెళ్ళకండి, కనీసం నాలుగైదు ఇళ్ళ సంతకాలు కావాలి. అద్దెకుంటే మీ ఓనర్‌తో కూడా పెట్టించండి. కంప్లయింట్‌లో "ఎల్లో బోర్డు బళ్ళు తీయించండి" అని రాయకండి. ఫలానా రోజు, ఫలానా టైముకు, ఫలానా గేటుకు అడ్డం అని రాయండి.

కాగితం కన్నడలో ఉంటే త్వరగా కదులుతుంది. అప్పట్లో నేను రాయించి చివరికి ఇవ్వకుండా ఉంచేసినది ఒకటి ఇంకా నా ఫోన్లో ఉంది, కావాలంటే అడగండి, పంపిస్తాను. వివరాలు మార్చుకోవడమే.