జాకెట్టు కుట్టు తగిలినా మంటే

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 51. మాది గుంటూరు. ఏడాదిన్నర క్రితం విజయవాడలో ఎడమ రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి, చంకలోని గ్రంథులు కూడా తీసేసి, తర్వాత రేడియేషన్ ఇచ్చారు. ఇప్పుడు క్యాన్సర్ మళ్లీ రాకుండా ఇచ్చే టామాక్సిఫెన్ మాత్ర వాడుతున్నాను. చంక నుంచి మోచేతి దాకా లోపలివైపు ఒకటే మంట, మధ్యమధ్యలో కరెంటు షాకు కొట్టినట్టు పోటు. జాకెట్టు చంక కుట్టు తగిలినా ఓర్చుకోలేను. పరీక్షల్లో ఏమీ లేదన్నారు. నొప్పి బిళ్లలతో తగ్గలేదు. ఇంట్లో వాళ్లు అదంతా నా భ్రమ అంటున్నారు. దీనికి వైద్యం ఉందా?

జవాబు: ఉందమ్మా. ఇది భ్రమ కానే కాదని ఈ జవాబును మీ ఇంట్లో వాళ్లకు కూడా చదివి వినిపించండి. పక్కటెముకల మధ్య నుంచి బయలుదేరి, చంక గుండా వెళ్లి, పైచేతి లోపలి చర్మానికి స్పర్శనిచ్చే ఇంటర్‌కోస్టోబ్రేకియల్ అనే నరం, గ్రంథులు తీసేటప్పుడు సాగడమో తెగడమో తరచుగా జరుగుతుంది. దెబ్బతిన్న నరం, గాయం మానిపోయాక కూడా మెదడుకు తప్పుడు సంకేతాలు పంపుతూనే ఉంటుంది కనుక, మెత్తని గుడ్డ తగిలినా నిప్పు తగిలినట్టు ఉంటుంది. స్కానింగులో ఇది కనబడకపోవడంలో వింతేమీ లేదు.

పారాసెటమాల్, డైక్లోఫినాక్ వంటి మాత్రలు మామూలు నొప్పులకు పనికొస్తాయి గాని నరాల నొప్పిని పెద్దగా తగ్గించవు. దీనికి గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, నార్‌ట్రిప్టిలిన్ వంటివి ఇస్తారు. గాబాపెంటిన్‌ను సాధారణంగా రాత్రిపూట 100 లేదా 300 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, మగత, తల తిరగడం చూసుకుంటూ మెల్లగా పెంచుతారు. మూత్రపిండాల పనితీరు తక్కువైతే మోతాదు తగ్గించాలి. గుణం తెలియడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. నాలుగు రోజులు వాడి మానేసి మందు పనిచేయలేదనుకునే వారిని చాలామందిని చూశాను. వేసుకుంటున్న మందును ఒక్కసారిగా ఆపకూడదు.

మీ విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. నరాల నొప్పికి బాగా పనిచేసే డ్యులోక్సెటీన్, టామాక్సిఫెన్‌ను శరీరం పనిచేసే రూపంలోకి మార్చుకునే కాలేయ ఎంజైమును కొంతమేర అడ్డుకుంటుంది. డిప్రెషన్‌కు ఇచ్చే పారోక్సెటీన్, ఫ్లూఆక్సెటీన్ అయితే మరీ గట్టిగా అడ్డుకుంటాయి. అందుచేత ఏ డాక్టరు మందు రాసినా టామాక్సిఫెన్ సంగతి మొదటే చెప్పండి. ఆ కోవలో వెన్‌లాఫాక్సిన్ ప్రభావం ఆ ఎంజైముపై చాలా తక్కువ. అది వాడితే బీపీ చూపించుకుంటుండాలి.

పైపూతల్లో 5 శాతం లిడోకెయిన్ పట్టీని, గాయం లేని చర్మంపై రోజుకు 12 గంటలకు మించకుండా అంటించవచ్చు. క్యాప్సైసిన్ క్రీము మన మిరపకాయలోని ఘాటు పదార్థంతోనే తయారవుతుంది. మొదట్లో మండినా, వారాల తరబడి రాస్తే నరం మొద్దుబారుతుంది. గుంటూరు మనిషికి ఈ మాట చెబుతున్నాను గనుక ఇదీ చెప్పాలి: ఇంట్లో మిరపకారం నూరి రాయడం మాత్రం వద్దు, చర్మం కాలిపోతుంది.

భుజం కదలకుండా దాచుకుంటే బిగుసుకుపోయి నొప్పి రెట్టింపవుతుంది కాబట్టి ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో వ్యాయామం చేయండి. మెత్తని నూలుబట్టతో మంట ఉన్న చోటును రోజూ కొద్దిసేపు నిమిరి అలవాటు చేయడం కూడా ఆ వైద్యంలో భాగమే. ఇవన్నీ చాలకపోతే నొప్పి చికిత్స చేసే మత్తు డాక్టర్లు అల్ట్రాసౌండులో చూస్తూ ఆ నరం దగ్గర ఇంజెక్షన్ ఇస్తారు.

కొత్తగా గడ్డ తగిలినా, చేయి వాచినా, పట్టు తప్పినా, నొప్పి స్వభావమే మారినా, తదుపరి అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా మీ క్యాన్సర్ డాక్టరుకు చూపించండి.