హైదరాబాద్ నుంచి అమలాపురానికి రైలా, కారా? నా పద్దుపుస్తకం లెక్క

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మియాపూర్‌లో ఉంటారు. మీరిద్దరూ, ఎనిమిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప. ఊరు అమలాపురం పక్కన. పెట్రోలు ధర చూస్తే రైలే నయమనిపిస్తోంది, కానీ ఇంట్లో వాళ్లు కారు అంటున్నారు. ఏది చవక?

మాదీ అదే దారి. కూకట్‌పల్లి నుంచి అంబాజీపేట దగ్గరి ఊరికి. రెండేళ్లుగా ప్రతి ప్రయాణం ఖర్చూ చిన్న నోటు పుస్తకంలో రాస్తున్నాను. మా ఆవిడకు అదొక నవ్వులాట. సరే, ఆ పుస్తకం ముందు పెట్టుకునే ఈ జవాబు రాస్తున్నాను.

ముందు కారు. గుమ్మం నుంచి గుమ్మానికి నా మీటరు మీద 455 కిలోమీటర్లు, రానూపోనూ 910. నా కారు ఒంటరిగా నడిపితే హైవే మీద లీటరుకి 18 ఇస్తుంది. నలుగురం ఎక్కి, ఏసీ వేసి, డిక్కీ నిండా సామానుతో వెళితే 16.5 దాటలేదు. అంటే 55 లీటర్లు, 6,000 రూపాయలు. టోలు గేట్లు ఏడు: పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, బెజవాడ దాటాక పొట్టిపాడు, కలపర్రు, ఉంగుటూరు, ఈతకోట. ఒకవైపు 600 అటూ ఇటూ, రెండు వైపులా 1,200. దారిలో టిఫిన్లు, టీలు, పిల్లల చిప్స్ కలిపి 800. ఇక్కడికి 8,000.

చాలామంది లెక్క ఇక్కడే ఆపేస్తారు. నేనూ మొదటి ఏడాది అలాగే ఆపాను. తర్వాత నాలుగు టైర్లు ఒకేసారి మార్చాల్సి వచ్చి 22,000 వదిలాక తెలివొచ్చింది. టైర్లు 45,000 కిలోమీటర్లు వస్తాయనుకుంటే కిలోమీటరుకి అర్ధరూపాయి. పదివేల కిలోమీటర్లకోసారి సర్వీసింగుకి 7,000 అయితే మరో డెబ్బై పైసలు. మొత్తం రూపాయి ఇరవై పైసలు. 910 కిలోమీటర్లకు 1,100 దాకా పడుతుంది. కాబట్టి కారు ఖర్చు 9,100 అనుకోండి. కారు కొన్న డబ్బు, ఇన్సూరెన్సు నేను కలపలేదు. ఊరికి వెళ్లినా వెళ్లకపోయినా అవి పోయేవే.

ఇప్పుడు రైలు. మీ పాపకు ఐదేళ్లు నిండలేదు కాబట్టి బెర్తు అడగకపోతే టికెట్టు అక్కర్లేదు. బాబుకి మాత్రం బెర్తు కావాలంటే పూర్తి చార్జీయే. 2016 నుంచి అంతే. అరటికెట్టు తీస్తే బెర్తు రాదు, రాత్రంతా మీ ఒళ్లో పడుకోవాలి. ఎనిమిదేళ్ల కుర్రాణ్ని ఒళ్లో వేసుకుని ఒకసారి వెళ్లి చూశాను. మళ్లీ ఆ పని చెయ్యలేదు. కాబట్టి మూడు టికెట్లు. నా పుస్తకంలో స్లీపరు మనిషికి సుమారు 300, థర్డ్ ఏసీ సుమారు 800.

అసలు సంగతి ఇక్కడుంది. మన కోనసీమలో దిగడానికి స్టేషనేది? గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాజమండ్రిలో దిగాలి. అక్కడి నుంచి రావులపాలెం మీదుగా అమలాపురం అరవై కిలోమీటర్ల పైనే. నరసాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పాలకొల్లులో దిగి చించినాడ వంతెన దాటి, రాజోలు మీదుగా రావాలి. అదో నలభై. నేను పాలకొల్లులోనే దిగుతాను. తెల్లవారుజామున ఇద్దరు పిల్లలతో, నాలుగు బ్యాగులతో బస్సు కోసం నిలబడలేక టాక్సీ మాట్లాడుకుంటే 1,200 తీసుకుంటారు. అంటే స్లీపర్లో ముగ్గురం హైదరాబాద్ నుంచి పాలకొల్లు దాకా 900కి వచ్చి, ఆఖరి నలభై కిలోమీటర్లకు 1,200 ఇస్తున్నాం. ఈ ముక్క పుస్తకంలో ఎర్రసిరాతో రాసుకున్నాను.

కోటిపల్లి నుంచి నరసాపురం దాకా 57 కిలోమీటర్ల లైను మంజూరై పాతికేళ్లయింది. బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉన్న రోజుల మాట అది. గోదాట్లో స్తంభాలు చూసుకుంటూ ఒక తరం పెళ్లిళ్లు కూడా చేసేసుకుంది. కాకినాడ నుంచి కోటిపల్లికి రైలు ఒకప్పుడు ఉండేది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఆ పట్టాలు పీకేశారు. 2004లో మళ్లీ వేశారు కానీ ఏటికి ఇవతలున్న మనకి అది అక్కరకు రాదు. ఆ లైను పూర్తయి అమలాపురంలోనే దిగే రోజు వస్తే ఈ జవాబు చింపేయొచ్చు.

లెక్కకొస్తే, రానూపోనూ థర్డ్ ఏసీ టికెట్లు 4,800, హైదరాబాద్‌లో స్టేషనుకి ఆటో 700, ఇటు టాక్సీ 2,400. మొత్తం 7,900. స్లీపరైతే 4,900. టాక్సీ బదులు ఆర్టీసీ బస్సెక్కితే ఇంకో రెండు వేలు తగ్గుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు కదా, దానికి ఆంధ్రా చిరునామా ఉన్న గుర్తింపు కార్డు కావాలి. మా ఆవిడ ఆధార్ కూకట్‌పల్లి అడ్రసుతో ఉంది. మమ్మల్ని స్టేషనుకి దిగబెట్టడానికి వచ్చే మా అమ్మ ఉచితం, మేం టికెట్టు.

అయితే ఊళ్లో దిగాక ఇంట్లో కూర్చుంటారా? అంతర్వేది అంటారు, ర్యాలి అంటారు, పిన్నిగారింటికి అంటారు. ఒకరోజుకి కారు మాట్లాడుకుంటే 2,500. సొంత కారుంటే అదే తిరుగుడుకి పెట్రోలు 1,000 చాలు. ఇవి కూడా కలిపి చూడండి: కారు 10,100, థర్డ్ ఏసీ 10,400, స్లీపరు 7,400. కారుకీ థర్డ్ ఏసీకీ తేడా మూడొందలు. నలుగురితో వెళ్లి ఊళ్లో తిరిగే పని ఉంటే ఈ రెంటి మధ్య డబ్బు గురించి వాదించుకోవడం దండగ. చవక కావాలంటే స్లీపరే.

ఒక్కరే వెళ్తున్నారా, ఆలోచించనే వద్దు. నేను ఒక్కణ్నే వెళితే స్లీపరు, రాజమండ్రి నుంచి బస్సు కలిపి ఐదొందల్లో ఇంటి ముందు ఉంటాను. అదే మనిషి కారు తీస్తే పెట్రోలు, టోలుకే 3,300 దాటుతుంది.

పండగ సంగతి వేరు. రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, 2024 నవంబరు దాకా 120 రోజులుండేది. సంక్రాంతి టికెట్లు నవంబరు నడిమధ్యలో ఉదయం 8కి కూర్చుని పట్టుకోవాల్సిందే. తత్కాల్ అంటే థర్డ్ ఏసీలో మనిషికి 300 నుంచి 400 అదనం, ఖాయమైన టికెట్టు రద్దు చేసుకుంటే పైసా రాదు. రాత్రి బస్సుల వాళ్లు పండక్కి అడిగే రేటు మీకూ తెలుసు. ఇక కారులో, భోగికి ముందురోజు బయల్దేరి చౌటుప్పల్ దాటడానికే రెండున్నర గంటలు పట్టింది నాకు. ఆ రోజు ఇంటికి చేరడానికి పద్నాలుగు గంటలు. అప్పట్నుంచి రెండ్రోజులు ముందుగా, తెల్లవారి నాలుగింటికి తీస్తున్నాను. రాత్రిపూట మాత్రం నడపను. సూర్యాపేట దాటాక ఒకసారి కళ్లు మూతలు పడ్డాయి, పక్కన మా ఆవిడ లేపింది. దాని ఖరీదు ఏ కాలమ్‌లో రాయాలో నాకు తెలీదు.

ఏడాదికి మూడుసార్లు కారులో వెళ్లేవారైతే ఫాస్టాగ్ వార్షిక పాసు తీసుకోండి. 2025లో అది వచ్చినప్పుడు ధర 3,000, దానితో ఏడాదిలో 200 గేట్లు దాటొచ్చు. మన దారికి ఒక ట్రిప్పుకి పద్నాలుగు గేట్లు, మూడో ట్రిప్పుకే డబ్బు వెనక్కి వచ్చేసినట్టు.

యానాం పెట్రోలు గురించి కూడా మీకెవరో చెప్పే ఉంటారు, లీటరుకి పది పన్నెండు తక్కువని. నిజమే. మా బావ బలవంతం మీద తిరుగు ప్రయాణానికి ముందు ట్యాంకు నింపడానికి వెళ్లాను. 35 లీటర్లకు 400 మిగిలింది. వెళ్లి రావడానికి నాలుగు లీటర్లు కాలింది. బావ ఇప్పటికీ ఒప్పుకోడు. అటువైపు వేరే పనుంటే సరే.

చివరిగా సామాను. రైల్లో స్లీపరుకైనా థర్డ్ ఏసీకైనా మనిషికి 40 కిలోల దాకా ఉచితం. కాగితం మీద అది చాలా ఎక్కువ, మొయ్యడానికి మనిషుండాలి కదా. మా అమ్మకి కారొస్తోందని తెలిస్తే 25 కిలోల బియ్యం బస్తాలు రెండు, ఒలిచిన కొబ్బరికాయలు యాభై, ఒక అరటిగెల, ఆవకాయ జాడీ, ఆత్రేయపురం పూతరేకులు ముందురోజే అరుగు మీద ఉంటాయి. రైల్లో వస్తున్నామని చెబితే ఓ నిమిషం ఫోన్లో మాట్లాడదు. మీ ఇంట్లో కారు అనే వాళ్లు ఈ లెక్క వేసుకునే అంటున్నారేమో ఒకసారి అడగండి. మీది డీజిలు కారైతే మైలేజీ ఎంతొస్తుందో రాయండి, అంకెలు మార్చి పెడతాను.