2 జీబీ ల్యాప్‌టాప్‌లో పీసీమ్యాన్‌ఎఫ్‌ఎం పెట్టుకున్నాను. ఫోన్ కనపడట్లేదు, డి డ్రైవ్ తెరుచుకోవట్లేదు. ఫైల్ మేనేజర్ మార్చేయాలా?

మార్చక్కర్లేదండీ. మీరు రాసిన లక్షణాలు ఇవి కదా: 2 జీబీ ర్యామ్‌తో పాత ల్యాప్‌టాప్, దాంట్లో డెబియన్ లినక్స్ మినిమల్, పైన విండోలు చూసుకోవడానికి ఓపెన్‌బాక్స్, ఫైళ్లకు పీసీమ్యాన్‌ఎఫ్‌ఎం. ఫోన్ తగిలిస్తే ఉలుకూ పలుకూ లేదు. ట్రాష్ అసలే లేదు. విండోస్ రోజుల నాటి డి డ్రైవ్ మీద నొక్కితే 'నాట్ ఆథరైజ్డ్' అంటోంది. ఐకాన్లు సగం ఖాళీగా కనిపిస్తున్నాయి. ఇంత తలనొప్పి బదులు నాటిలసో డాల్ఫినో లాంటి పెద్ద ఫైల్ మేనేజర్ వేసుకుంటే పోతుందా అని మీ ప్రశ్న.

ముందు ఒకటి చెప్పండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు, ప్రోగ్రాములు దింపే ఆప్ట్ కమాండ్‌కి 'నో ఇన్‌స్టాల్ రికమెండ్స్' తగిలించారా? సిస్టమ్ తేలిగ్గా ఉంటుందని చాలామంది వీడియోల్లో అలాగే చేయమంటారు. తగిలించి ఉంటే మీ నాలుగు సమస్యలకూ మూలం అదే. డెబియన్‌లో పీసీమ్యాన్‌ఎఫ్‌ఎం ప్యాకేజీ 'రికమెండ్స్' వరుసలో (తప్పనిసరి కాదు గానీ ఉంటే మంచిదనే జాబితా) జీవీఎఫ్‌ఎస్ బ్యాకెండ్స్, ఒక పోల్‌కిట్ ఏజెంట్, ఒక ఐకాన్ థీమ్ ఉంటాయి. ఫోన్, ట్రాష్, నెట్‌వర్క్ ఫోల్డర్లు చూపించేది జీవీఎఫ్‌ఎస్. డి డ్రైవ్ తెరవడానికి పాస్‌వర్డ్ అడిగే చిన్న పెట్టె పోల్‌కిట్ ఏజెంట్‌ది. ఆ పెట్టె వేసేవాళ్లు లేకపోతే సిస్టమ్ మిమ్మల్ని అడగలేదు, అడగకుండా ఇవ్వలేదు, కాబట్టి 'నాట్ ఆథరైజ్డ్' అనేసి చేతులు దులుపుకుంటుంది. నాటిలస్ వేస్తే వీటిలో కొన్ని దాని వెంట వచ్చేస్తాయి, అందుకే అది 'పని చేస్తోంది' అనిపిస్తుంది. కానీ దానితోపాటు గ్నోమ్ డెస్క్‌టాప్ సామాను కూడా బోలెడు దిగుతుంది.

నాకు నల్లకుంటలో జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. కౌంటర్ మీదవి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొన్న సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్‌లు. రోజంతా ఉస్మానియా యూనివర్సిటీ పిల్లల పెన్‌డ్రైవ్‌లు, ఫోన్లు, ఆధార్ కాపీలు. అంటే మా దగ్గర ఫైల్ మేనేజర్‌కి ఉన్నంత పని బ్రౌజర్‌కి కూడా ఉండదు. కింద చెప్పేవన్నీ ఆ కౌంటర్ మీద నడుస్తున్నవే.

మొదట జీవీఎఫ్‌ఎస్, జీవీఎఫ్‌ఎస్-బ్యాకెండ్స్, ఎల్ఎక్స్‌పోల్‌కిట్ (ఇదే పోల్‌కిట్ ఏజెంట్), ఒక ఐకాన్ థీమ్ (నేను పాపిరస్ వాడతాను), థీములు ఎంచుకునే ఎల్ఎక్స్అప్పియరెన్స్ వేయండి. తర్వాత లాగిన్ కాగానే నడిచే ఓపెన్‌బాక్స్ ఆటోస్టార్ట్ ఫైల్లో రెండు లైన్లు చేర్చాలి: ఒకటి ఎల్ఎక్స్‌పోల్‌కిట్‌ది, రెండోది పీసీమ్యాన్‌ఎఫ్‌ఎంని డెస్క్‌టాప్ ఆప్షన్‌తో నడిపేది. రెండిటి చివరా '&' గుర్తు మరవకండి. ఈ రెండో లైను వాల్‌పేపర్ కోసమే అనుకుంటారు. అసలు లాభం వేరే: అది వెనక నడుస్తూ ఉంటేనే పెన్‌డ్రైవ్ పెట్టగానే తనంతట తాను మౌంట్ అవుతుంది, అంటే వాడుకోవడానికి సిద్ధమవుతుంది. డెస్క్‌టాప్ మీద ఐకాన్లు, వాల్‌పేపర్ వద్దనుకునేవాళ్లు దాన్ని డీమన్ మోడ్‌లో, అంటే కనపడకుండా వెనక, నడుపుకోవచ్చు. డెస్క్‌టాప్ ఆప్షన్ పెట్టగానే ఓపెన్‌బాక్స్ రైట్ క్లిక్ మెనూ మాయమవుతుంది, కంగారు పడకండి. డెస్క్‌టాప్ ప్రిఫరెన్సెస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబులో విండో మేనేజర్ మెనూలు చూపించమనే టిక్ ఒకటి ఉంది.

లాగిన్ తెర లేకుండా స్టార్ట్ఎక్స్ కమాండ్‌తో, సొంత ఎక్స్‌ఇనిట్ఆర్‌సీ ఫైలు రాసుకుని డెస్క్‌టాప్ తెరుస్తుంటే, ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డీ-బస్ సెషన్ సరిగా లేవక ఇంకో రకం చిక్కులొస్తాయి. లాగిన్ తెర చూపించే లైట్‌డీఎం పెట్టుకోండి, ఆ గొడవే ఉండదు.

ఫోన్ విషయంలో ఇంకో మాట. జీవీఎఫ్‌ఎస్ ఉన్నా ఫోన్ లాక్ తీయాలి, నోటిఫికేషన్‌లో 'ఛార్జింగ్' బదులు 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకోవాలి. రోజూ కౌంటర్ దగ్గర నేను ఎక్కువసార్లు అనే మాట ఇదే: "అన్నా, లాక్ తీసి ఒకసారి ఫైల్ ట్రాన్స్‌ఫర్ నొక్కు."

ఇప్పుడు సెట్టింగ్స్. ప్రిఫరెన్సెస్‌లో చూడాల్సినవి ఎక్కువ లేవు గానీ, ఉన్న వాటిలో మూడింటి గురించి ఎవరూ చెప్పరు.

మొదటిది థంబ్‌నెయిల్స్, అంటే ఐకాన్ బదులు కనిపించే ఫొటోల చిన్న బొమ్మలు. డిస్‌ప్లే ట్యాబులో ఇంత సైజు దాటిన బొమ్మలకు థంబ్‌నెయిల్ వేయొద్దు అని ఉంటుంది, మామూలుగా 2048 కేబీ. ఈ ప్రోగ్రాం పుట్టిన 2006లో అది చాలా పెద్ద లెక్క. ఇవాళ్టి ఫోన్ ఫొటో ఒక్కొక్కటి 3, 4 ఎంబీ ఉంటుంది కాబట్టి ఒక్కదానికీ బొమ్మ రాదు, ఫైల్ మేనేజర్ చెడిపోయిందనుకుంటారు. దాన్ని 8192 చేయండి. పక్కనే ఉన్న 'లోకల్ ఫైళ్లకు మాత్రమే' అనే టిక్ మాత్రం తీయకండి. తీస్తే ఫోన్‌లోని కెమెరా ఫోల్డర్ తెరిచినప్పుడు ప్రతి ఫొటోనీ కేబుల్ మీదుగా లాగి బొమ్మ చేయబోతుంది, అంతసేపు మీరు టీ తాగి రావచ్చు.

ఈ థంబ్‌నెయిల్స్‌తోనే ఇంకో సంగతి ఉంది, షాపుల వాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. బొమ్మలన్నీ హోమ్‌లోని దాచిన క్యాష్ ఫోల్డర్లో నిలవ ఉంటాయి. అసలు ఫైలు డిలీట్ చేసినా అవి ఉంటాయి. అంటే పొద్దున ఎవరో ఇచ్చిన ఆధార్, పాన్ కార్డుల చిన్న బొమ్మలు సాయంత్రానికి కూడా మీ సిస్టమ్‌లోనే ఉన్నట్టు. మా దగ్గర లాగిన్ అయిన ప్రతిసారీ ఆ ఫోల్డర్ ఖాళీ అయ్యేలా ఆటోస్టార్ట్‌లో ఒక లైను పెట్టాను. మీది సొంత ల్యాప్‌టాప్ కాబట్టి అంత అవసరం లేదు. ఎవరికైనా అమ్మేటప్పుడు గుర్తు పెట్టుకోండి చాలు.

రెండోది ట్రాష్. జీవీఎఫ్‌ఎస్ రాగానే ట్రాష్ వస్తుంది. కానీ పెన్‌డ్రైవ్ మీద ఫైలు డిలీట్ చేస్తే అది పెన్‌డ్రైవ్‌లోనే డాట్‌తో మొదలయ్యే దాచిన ట్రాష్ ఫోల్డర్లోకి వెళ్తుంది, చోటు ఖాళీ కాదు. "అన్నీ తీసేశాను, అయినా ఫుల్ అంటోంది" అని వచ్చే పెన్‌డ్రైవ్‌లలో కంట్రోల్ హెచ్ నొక్కి చూస్తే ఇదే బయటపడుతుంది. జనరల్ ట్యాబులో, రిమూవబుల్ మీడియా మీద ట్రాష్ చేయకుండా నేరుగా చెరిపేయమనే ఆప్షన్ ఉంది, అది పెట్టుకోండి.

మూడోది అడ్వాన్స్‌డ్ ట్యాబు. టెర్మినల్ ఏదో, జిప్ ఫైళ్లు విప్పే ఆర్కైవర్ ఏదో అక్కడ చెప్పాలి. టెర్మినల్ చెప్పాక ఏ ఫోల్డర్లో ఉన్నా ఎఫ్4 నొక్కితే అక్కడే టెర్మినల్ తెరుచుకుంటుంది. ఆర్కైవర్‌గా ఎక్స్ఆర్కైవర్ తేలికైనది. అది పెడితే రైట్ క్లిక్‌లో 'ఎక్స్‌ట్రాక్ట్ హియర్' వస్తుంది. ఎఫ్3తో రెండు పేన్‌లు పక్కపక్కన వస్తాయి. పెన్‌డ్రైవ్ ఒకవైపు, హోమ్ ఒకవైపు పెట్టుకుని పని చేయడం అలవాటైతే ఇక వదలరు.

తెలుగు పేర్లున్న ఫైళ్లు డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తే అది ఫైల్ మేనేజర్ లోపం కాదు, మినిమల్ ఇన్‌స్టాల్‌లో తెలుగు ఫాంట్ లేదంతే. లోహిత్ తెలుగు వేయండి. ఐకాన్లు ఇంకా ఖాళీగా ఉంటే ఎల్ఎక్స్అప్పియరెన్స్ తెరిచి పాపిరస్ ఎంచుకోండి. థీములు, రంగుల గురించి ఇంతకన్నా రాయను, లైట్ తీసుకోండి. సగం మంది కస్టమైజేషన్ అంటే అదే అనుకుని ఒక ఆదివారం మొత్తం దానికే ధారపోస్తారు.

నా దృష్టిలో అసలు కస్టమైజేషన్ అంటే రైట్ క్లిక్ మెనూ. అక్కడే పీసీమ్యాన్‌ఎఫ్‌ఎం కొంచెం వెనకబడుతుంది. చేయలేదని కాదు. హోమ్‌లో డాట్ లోకల్, దాంట్లో షేర్, దాంట్లో ఫైల్-మేనేజర్, దాంట్లో యాక్షన్స్ ఫోల్డర్ చేసి, డాట్ డెస్క్‌టాప్ అనే చివరతో ఒక టెక్స్ట్ ఫైలు చేత్తో రాసి పెట్టాలి. ఒక్క అక్షరం తేడా వస్తే మెనూలో కనపడదు, ఎందుకు కనపడలేదో చెప్పదు. ఓపిక ఉన్నవాళ్ల పని.

అదే ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ వాళ్ల ఫైల్ మేనేజర్ థునార్‌లో ఎడిట్ మెనూలో 'కన్ఫిగర్ కస్టమ్ యాక్షన్స్' నొక్కితే చక్కగా పెట్టె తెరుచుకుంటుంది. పేరు, కమాండ్, ఏ ఫైళ్ల మీద కనిపించాలి, అంతే. మా కౌంటర్ మీద ఎక్కువగా వాడేది చెప్తాను. ఆధార్ ముందు వైపు ఒక ఫొటో, వెనక వైపు ఒక ఫొటో వాట్సాప్‌లో వస్తాయి. రెండూ ఎంచుకుని రైట్ క్లిక్ చేస్తే 'ఏ4 పీడీఎఫ్ చేయి' అని మెనూలో ఉంటుంది. వెనక ఉన్నది ఐఎంజీ2పీడీఎఫ్ అనే చిన్న ప్రోగ్రాం, పేజీ సైజు ఏ4 అని చెప్పి, ఫైల్ పేరులో తేదీ, టైము కలిపే చిన్న షెల్ స్క్రిప్టు. అది జేపెగ్‌ని మళ్లీ కుదించకుండా ఉన్నది ఉన్నట్టు పీడీఎఫ్‌లో కూర్చుతుంది కాబట్టి ప్రింట్‌లో అక్షరాలు అలుక్కుపోవు. ఇక్కడ రెండు మెలికలు. కమాండ్‌లో పర్సెంట్ తర్వాత పెద్ద 'ఎఫ్' పెడితే ఎంచుకున్న ఫైళ్లన్నీ స్క్రిప్టుకి అందుతాయి, చిన్న 'ఎఫ్' పెడితే ఒక్కటే. ఇక వాట్సాప్ వెబ్ నుంచి దింపిన ఫొటోల పేర్ల నిండా ఖాళీలుంటాయి. స్క్రిప్టు లోపల ఫైల్ పేర్లను డబుల్ కోట్స్‌లో పెట్టకపోతే ఒక్కో పేరూ ముక్కలు ముక్కలై, ఫైలు దొరకలేదని ఎర్రర్ వస్తుంది.

థునార్‌లో ఇంకో వరం బల్క్ రీనేమ్. పది ఫైళ్లు ఎంచుకుని ఎఫ్2 నొక్కండి. వరస నంబర్లు, తేదీలు, ఒక మాట బదులు ఇంకో మాట, అన్నీ ముందే పక్క కాలమ్‌లో చూపించి తర్వాత మారుస్తుంది. ప్రాజెక్టు రిపోర్టుల సీజన్‌లో ఇది లేకపోతే నేను షట్టర్ దించుకోవడమే. ఇంతకుముందు రెండు పేన్‌ల కోసం పీసీమ్యాన్‌ఎఫ్‌ఎం వైపు మొగ్గేవాడిని. 2022 డిసెంబర్‌లో వచ్చిన ఎక్స్ఎఫ్‌సీఈ 4.18 నుంచి థునార్‌లోనూ ఎఫ్3తో అదే వస్తోంది, డెబియన్ 12లో ఉన్నది ఆ వెర్షనే. అయితే థునార్‌కి థంబ్‌నెయిల్స్ కోసం టంబ్లర్, పెన్‌డ్రైవ్ ఆటోమౌంట్ కోసం థునార్-వోల్‌మ్యాన్, జిప్‌ల కోసం ఆర్కైవ్ ప్లగిన్ విడివిడిగా కావాలి. అక్కడా 'రికమెండ్స్' ఎగ్గొడితే మళ్లీ ఇదే కథ.

కాబట్టి ఇంట్లో వాడకానికి పీసీమ్యాన్‌ఎఫ్‌ఎం చాలు, ఉంచేయండి. ఒకే పనిని రోజూ పదిసార్లు చేసే అవసరం ఉంటే థునార్‌కి మారండి. ఈ రెండింటిలో ఏది తక్కువ మెమరీ తింటుందని కొట్టుకోకండి. బ్రౌజర్‌లో ఒక బరువైన ట్యాబు మూస్తే ఆ తేడా కన్నా ఎక్కువే మిగులుతుంది.

ఇక డి డ్రైవ్. ఎల్ఎక్స్‌పోల్‌కిట్ పెట్టాక పాస్‌వర్డ్ అడిగి తెరుచుకుంటుంది. తెరుచుకుని కూడా ఏమీ రాయనివ్వకపోతే, లేదా అసలు మౌంట్ కాకపోతే, విండోస్ ఇంకా ఆ ల్యాప్‌టాప్‌లో ఉందేమో చూడండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా అది పూర్తిగా ఆగదు, ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌ని సగంలో వదిలేస్తుంది. అలాంటప్పుడు లినక్స్ ఆ డ్రైవ్ మీద రాయడానికి ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే మీ ఫైళ్లకు మంచిది. విండోస్‌లోకి వెళ్లి కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లో ఆ టిక్ తీసేసి, ఒకసారి పూర్తిగా షట్‌డౌన్ చేసి రండి. అప్పటికీ రాకపోతే వచ్చిన ఎర్రర్‌ని ఉన్నదున్నట్టు ఇక్కడ కామెంట్‌లో పెట్టండి, చూస్తాను.