శ్రీకాకుళం లాంటి ఊళ్లో సింగపూర్ మాదిరి రోడ్డు ఛార్జీ పెడితే ట్రాఫిక్ తగ్గుతుందా?

సాయంత్రం అయితే జీటీ రోడ్డులో కారు కదలడం లేదు, సింగపూర్‌లోనూ లండన్‌లోనూ చేసినట్టు రద్దీ వేళ వచ్చే బండికి డబ్బులు వేస్తే సరిపోదా అని అడిగారు మీరు. దీని మీద నాకు రెండు వైపుల అనుభవమూ ఉంది. సింగపూర్‌లో ఐదేళ్లు డెలివరీ లారీ మీద హెల్పర్‌గా పనిచేశాను. ఇప్పుడు శ్రీకాకుళంలో సొంతంగా చిన్న గూడ్స్ వ్యాన్ నడుపుకుంటున్నాను. అంటే ఆ ఛార్జీ కట్టే బండిలోనూ కూర్చున్నాను, ఇక్కడ మీ కారుకి అడ్డం పడుతున్న బండీ నాదే కావచ్చు.

నేను వెళ్లింది 2009లో. మాది సోంపేట దగ్గర పల్లె, మా వైపు నుంచి సింగపూర్, గల్ఫ్ వెళ్లడం కొత్తేమీ కాదు. ఫర్నిచర్ చేరవేసే కంపెనీలో పని. డ్రైవరు తమిళం మాట్లాడే పెద్దాయన, అన్నా అని పిలిచేవాణ్ణి. అక్కడ కొన్ని రోడ్ల మీద అడ్డంగా ఇనప కమాను ఉంటుంది, దాన్ని గ్యాంట్రీ అంటారు. బండి ముందు అద్దం దగ్గర బిగించిన చిన్న పెట్టెలో క్యాష్‌కార్డు పెట్టి ఉంచేవాళ్లం. కమాను కింద దూరగానే బీప్ అని మోగేది, కార్డులో డబ్బు తగ్గేది. గేటు లేదు, క్యూ లేదు, బండి స్లో చేసే పని లేదు. మాది చిన్న లారీ కాబట్టి కారు రేటే పడేది. పెద్ద లారీలకు అంతకు ఎక్కువ, బైకులకు సగం. రోడ్డు మీద ఎంత చోటు తింటే అంత అన్నమాట.

ఛార్జీ ఉండటం నాకు వింత అనిపించలేదు. రేటు అరగంటకోసారి మారడం వింత అనిపించింది. అదే కమాను కింద తెల్లవారుజామున వెళ్తే పైసా పడదు, ఆఫీసుల వేళకు వెళ్తే గట్టిగా పడుతుంది. ఆదివారాలు, పండగ సెలవులు ఉచితం. మూడు నెలలకోసారి రేట్లు సరిచూసేవారు. కొలబద్ద బళ్ల వేగం. ఎక్స్‌ప్రెస్‌వే మీద గంటకు 45 నుంచి 65 కిలోమీటర్లు, ఊరి లోపల పెద్ద రోడ్ల మీద 20 నుంచి 30 కిలోమీటర్లు ఉండాలని లెక్క. వేగం పడిపోతే రేటు పెరుగుతుంది, బళ్లు బాగా సాగిపోతుంటే తగ్గుతుంది. తగ్గించడం కూడా ఉందంటే నేను మొదట్లో నమ్మలేదు. మన దగ్గర ఒకసారి పెట్టిన ఛార్జీ మళ్లీ తగ్గిందంటే పేపర్లో వేసుకోవాల్సిన వార్త.

కక్కుర్తి మాత్రం అక్కడా ఇక్కడా ఒక్కటే. ఇంకో రెండు నిమిషాల్లో రేటు తగ్గుతుందంటే మా అన్న బండిని నత్తలాగ పోనిచ్చేవాడు. కమానుకు ముందు పక్కకి తీసి ఆగిపోయేవాళ్లు కూడా ఉండేవారట. అందుకని 2003 నుంచి రేటు ఒక్కసారిగా దూకకుండా మధ్యలో ఐదు నిమిషాలు చిన్న మెట్టు పెట్టారు.

ఇదంతా ఒక్క రోజులో వచ్చింది కాదు. 1975లో మొదలుపెట్టినప్పుడు కాగితం లైసెన్సు కొని అద్దానికి అంటించుకోవాలి, రోజుకు 3 సింగపూర్ డాలర్లు. కారులో నలుగురు ఉంటే ఉచితం. 1998లో కమానులొచ్చాయి. ఈ మధ్య శాటిలైట్ పెట్టెలకు మారుతున్నారు.

ఛార్జీ వల్ల మా యజమాని చేసిన పని ఒకటే. సిటీ నడిబొడ్డు డెలివరీలన్నీ పొద్దు పొడవకముందుకు మార్చేశాడు. నన్ను నాలుగున్నరకు లేపేవారు. వాళ్ల ట్రాఫిక్ తగ్గించడానికి నా నిద్ర పోయిందని తిట్టుకునేవాణ్ణి. కానీ అంత పొద్దున రోడ్డు ఖాళీగా ఉండేది, పది గంటలకు సగం పని అయిపోయేది. అది ఒప్పుకోవాలి.

మనకు ఛార్జీ అనగానే టోల్‌గేటు గుర్తొస్తుంది, మడపాంలో కట్టేదో నాతవలసలో కట్టేదో. టోలూ రద్దీ ఛార్జీ ఒకటి కావు. టోల్ అనేది రోడ్డు వేసిన ఖర్చు రాబట్టడానికి. అర్ధరాత్రి ఖాళీ రోడ్డు మీద వెళ్లినా అంతే, పండగ ముందు రోజు వెళ్లినా అంతే. రద్దీ ఛార్జీ అలా కాదు, ఆ వేళకు ఆ బండిని అక్కడికి రాకుండా చేయడానికి. ఎవరూ కట్టకుండా వేళ మార్చుకుని వెళ్తే అది బాగా పనిచేసినట్టే లెక్క. టెక్నాలజీ మన దగ్గర లేదనకండి, 2021 ఫిబ్రవరి నుంచి హైవే మీద కార్లకూ లారీలకూ ఫాస్టాగ్ తప్పనిసరి అయింది కదా.

ఇప్పుడు మన ఊరు. మూడేళ్ల కిందట పాలకొండ రోడ్డులో ఒక షాపు ముందు బండి ఆపి బస్తాలు దించుతున్నాను. పదకొండు గంటలు, మంచి ఎండ. నా వెనక పల్లెవెలుగు బస్సు ఆగిపోయింది. దాని వెనక ఆటోలు, వాటి సందుల్లో బైకులు. హారన్లు వినడం మనకు అలవాటే కాబట్టి నేను పట్టించుకోలేదు. చివరికి కండక్టరమ్మ బస్సు దిగి నా దగ్గరకే వచ్చేసింది. "ఏటి తమ్ముడూ, నీ పది బస్తాల కోసం బస్సుడు జనాన్ని ఎండలో కూకోబెట్టీసినావేటి?"

సిగ్గేసింది. ఆ రాత్రి లెక్కేసుకున్నాను. నేను బండి పెట్టింది పన్నెండు నిమిషాలు. బస్సులో యాభై మంది అనుకుంటే ఆరు వందల నిమిషాలు, అంటే పది గంటలు. ఆటోలూ బైకులూ కలపకుండానే. వాళ్ల పది గంటలు తిన్నందుకు నా జేబులోంచి రూపాయి పోలేదు. రద్దీ ఛార్జీ వెనక ఉన్న లెక్క మొత్తం ఇదే. విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1950ల్లోనే ఈ మాట గట్టిగా చెప్పాడు. పక్కవాళ్లకు నువ్వు చేసే ఆలస్యానికి నువ్వే ధర కట్టాలి అని. ఆయనకు 1996లో నోబెల్ ప్రకటించారు, పాపం మూడో రోజునే పోయాడు.

మర్నాటి నుంచి నా బండికి నేనే సింగపూర్ పద్ధతి పెట్టుకున్నాను. అప్పటిదాకా టౌన్లో ఏ వేళైనా ట్రిప్పుకు 400 రూపాయలు. దాన్ని పొద్దున్న ఎనిమిదిలోపు అయితే 350, పది దాటితే 450 చేశాను. నాకు రోజూ తగిలే షాపులు పదకొండు. రెండు నెలల్లో ఐదు షాపులు పొద్దుటికి మారాయి. ఆ ఐదూ కిరాణా షాపులే, యజమాని ఇల్లు పైనో వెనకో ఉన్నవి. షావుకారు లుంగీ మీదే వచ్చి షట్టర్ తీసేవాడు. బట్టల షాపులవాళ్లు ఒక్కరూ మారలేదు. "ఏడింటికి షాపు ఎవుడు తీస్తాడు బాబూ, ఆ వంద కట్టీస్తాను పట్టుకుపో" అన్నారు ఒకాయన. నిజంగానే కట్టారు, ఇప్పటికీ కడుతున్నారు. ఇంకొకాయన ఏమీ అనకుండా నన్ను మానేసి వేరే వ్యాన్ పెట్టుకున్నాడు. ఆ వ్యాన్ ఇప్పుడు పదకొండింటికి అదే చోట ఆగుతోంది. నేనొక్కణ్ణి రేటు మార్చుకుంటే రోడ్డుకు ఒరిగేది ఎంతో మీకు అర్థమయ్యే ఉంటుంది.

నేను అనుకోని చిక్కు కలాసీల దగ్గర వచ్చింది. మా కలాసీలు చుట్టుపక్కల పల్లెల నుంచి మొదటి బస్సుకు వస్తారు, అది టౌన్‌కు చేరేసరికే ఏడు దాటుతుంది. ఆరున్నరకు రమ్మంటే ఎలా వస్తారు? టౌన్లోనే ఉండే ఇద్దరిని వెతికి, మనిషికి యాభై ఎక్కువ ఇచ్చి పెట్టుకున్నాను. బస్సు లేనివాడికి వేళ మార్చుకునే వీలుండదని అప్పుడు తెలిసింది. సింగపూర్‌లో నన్ను నాలుగున్నరకు లేపినా కంపెనీ బండే వచ్చి తీసుకెళ్లేది, అందుకే అక్కడ ఆ సంగతి నా బుర్రకు తట్టలేదు.

అందుకే మీ ప్రశ్నకు నా జవాబు: ఛార్జీ పనిచేస్తుంది, కానీ మన టౌన్లో కదిలే బండి మీద వేస్తే కాదు. ఎందుకంటే మన రోడ్డు మీద ఎక్కువ ఉన్నవి బైకులూ ఆటోలూ. బైకులను వదిలేస్తే కార్ల మీద వచ్చే ఫలితం కొంచెమే. బైకుల మీద వేస్తే, ఆసుపత్రికి అమ్మను వెనక కూర్చోబెట్టుకుని పల్లె నుంచి వచ్చే కుర్రాడి మీద పడుతుంది. లండన్‌లో 2003లో 5 పౌండ్లతో మొదలుపెట్టినప్పుడు బైకులను వదిలేశారు, అక్కడ బైకులు తక్కువ కాబట్టి చెల్లింది. న్యూయార్క్‌లో 2025 జనవరిలో కారుకు 9 డాలర్లు పెట్టి బైకుకు సగం వేశారు. ఆ రెండు ఊళ్లలోనూ భూమి లోపల రైళ్లున్నాయి. మనం రైలెక్కాలంటేనే ఆటో పట్టుకుని ఆమదాలవలస పోవాలి.

నాకు నచ్చింది స్వీడన్‌లోని స్టాక్‌హోమ్ వాళ్ల పద్ధతి. 2005 ఆగస్టులో ముందు బస్సులు పెంచారు. తర్వాత 2006 జనవరి నుంచి జూలై దాకా ఏడు నెలలు ఛార్జీ పెట్టి చూశారు. ఛార్జీ పడే హద్దు దాటే బళ్లు సుమారు ఐదో వంతు తగ్గాయి. జూలై అయ్యాక ఆపేశారు, బళ్లు మళ్లీ పెరిగాయి. సెప్టెంబర్‌లో ఊరి జనాన్ని ఓటు అడిగారు. మొదట్లో వద్దన్న జనమే తేడా చూశాక ఉండనివ్వమన్నారు. 2007 ఆగస్టు నుంచి శాశ్వతం చేశారు. వడ్డించి, తినిపించి, అప్పుడు డబ్బు అడిగారు.

శ్రీకాకుళంలో నేనైతే ఆగి ఉన్న బండి మీద వేస్తాను. సూర్యమహల్ జంక్షన్ నుంచి ఏడు రోడ్ల జంక్షన్ వైపు ఒకసారి నడిచి చూడండి. రోడ్డు సన్నబడింది పోయే బళ్లతో కాదు, ఆపి వెళ్లిపోయిన వాటితో. షాపు యజమాని కారే పొద్దున్న నుంచి రాత్రి దాకా షాపు ముందు నిలబడి ఉంటుంది, కొనడానికి వచ్చినవాడు రెండో వరసలో పెడతాడు, వాడి పక్కన నేను. మొదటి పావుగంట ఉచితం, తర్వాత గంట గంటకూ రేటు పెరిగితే ముందు కదిలేది ఆ యజమాని కారే. సరుకు దించే బళ్లకు వేళ పెట్టండి. వేళ తప్పితే కట్టించుకోండి, నాతో సహా. అరసవల్లిలో రథసప్తమికి బళ్లను దూరంగా ఆపించి మనల్ని నడిపిస్తే ఎవరమూ గొడవ చేయడం లేదు కదా. కాకపోతే ఆ వసూలు కాంట్రాక్టుకిచ్చి, సాయంత్రం ఆరు తర్వాత వాడూ కనబడకుండా పోతే మాత్రం ఇదంతా వృథా, ఆ ఒక్క టెన్షన్ నాకుంది.

వచ్చిన డబ్బుతో పల్లెల నుంచి ఆరింటికి టౌన్‌కి చేరే బస్సులు నాలుగు వేయమంటాను. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం అయ్యాక మా వైపు ఆడవాళ్లు ఆటోలు మాని బస్సు కోసం నిలబడటం రోజూ చూస్తున్నాను. బస్సు వేళకు వస్తే జనం ఎక్కుతారు.

నా లెక్క ఎలా ఉందంటారా? కలాసీలకు ఎక్కువిచ్చినది పోగా రేటు తేడా వల్ల పెద్దగా మిగల్లేదు. కానీ పొద్దున్న ఐదు షాపులు అయిపోతే మధ్యాహ్నం ఇంకో ట్రిప్పుకు ఖాళీ దొరుకుతోంది, నరసన్నపేట దాకా వెళ్లి వస్తున్నాను. మీకు జీటీ రోడ్డులో షాపు ఉంటే చెప్పండి, 350కే వస్తాను. షట్టర్ తాళం మాత్రం ఆరున్నరకు మీరే తీయాలి.